1994 ఢిల్లీ 737 శిక్షణ ప్రమాదం: ఇంజన్లు రెండూ బాగానే ఉన్నప్పుడు ఒక్క తప్పు పెడల్‌తో ఎలా కూలింది?

తూనీగ
1994 మార్చి 8న ఢిల్లీలో సహారా ఎయిర్‌లైన్స్ 737-200 కూలిన కేసు సారాంశం చదివాను. ప్రయాణికులు లేరు, శిక్షణ ఫ్లయిట్. ఐదు సర్క్యూట్లు (లేచి, చుట్టు తిరిగి మళ్లీ దిగే రౌండ్లు) మామూలుగా అయిపోయాయి. ఆరో టచ్ అండ్ గోలో (దిగి, ఆగకుండా వెంటనే మళ్లీ లేవడం) రన్‌వే 28 నుంచి లేచాక ఎడమకు తిరిగి నేలను గుద్దింది. శకలాలు వెళ్లి అంతర్జాతీయ టెర్మినల్ దగ్గర ఆగి ఉన్న ఏరోఫ్లోట్ ఐఎల్-86ను తగిలాయి, అదీ తగలబడింది. 737లోని నలుగురు, కింద ఉన్న ఐదుగురు, మొత్తం తొమ్మిది మంది పోయారు. ఇంజన్ ఫెయిల్యూర్ ఎక్సర్‌సైజ్‌లో ట్రైనీ తప్పు రడ్డర్ (తోక మీద ఉండి ముక్కును పక్కకు తిప్పే పలక, కాలి పెడల్‌తో కదులుతుంది) తొక్కాడనీ, ఇన్‌స్ట్రక్టర్ రడ్డర్‌ను గార్డ్ చేయలేదనీ, స్పష్టంగా ఆదేశాలు ఇవ్వలేదనీ దర్యాప్తు తేల్చింది.

నాకు మింగుడుపడనిది ఒకటే. ఇంజన్లు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఒక ఇంజన్ పవర్ లివర్ వెనక్కి లాగారు, అంతే. తేడా కొట్టగానే ఇన్‌స్ట్రక్టర్ దాన్ని మళ్లీ ముందుకు తోసేస్తే సరిపోయేది కదా? అంత టైమ్ కూడా ఉండదా?

రెక్కలరాయుడు
ఉండదు. ఐడిల్‌లో (అతి తక్కువ పవర్‌లో) ఉన్న ఇంజన్ బాగున్నా ఆ క్షణానికి లేనట్టే. ఫ్లయిట్ ఐడిల్ నుంచి 95 శాతం టేకాఫ్ థ్రస్ట్ (ముందుకు తోసే బలం) రావడానికి 5 సెకన్లు దాటకూడదన్నది ఇంజన్ సర్టిఫికేషన్ నియమం. అంటే 5 సెకన్లు పట్టినా అది మంచి ఇంజన్ కిందే లెక్క. పైగా ఆ థ్రస్ట్ సమంగా పెరగదు. మొదట్లో పెద్దగా ఏమీ రాదు, చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. టేకాఫ్ అయిన వెంటనే తప్పు పెడల్ పడితే విమానం చేతిలోంచి జారిపోవడానికి అంతకన్నా తక్కువ టైమ్ చాలు.

వీ1కట్
రాయుడు గారు చెప్పినదానికి వరస కూడా కలుపుతాను, అప్పుడు బొమ్మ కడుతుంది. ఎడమ ఇంజన్ తగ్గించారనుకోండి. ఢిల్లీలో తగ్గించింది ఎడమదే అని అనడం లేదు, ఉదాహరణకి మాత్రమే.

కుడి ఇంజన్ పూర్తి పవర్‌లో ఉంది కాబట్టి ముక్కు ఎడమకు తిరుగుతుంది. దాన్ని ఆపాల్సింది కుడి కాలు. కంగారులో ఎడమ కాలు పడితే ఇంజన్ తిప్పే దిశలోనే రడ్డర్ కూడా తిప్పుతుంది, రెండూ కలిసిపోతాయి. ముక్కు అంత వేగంగా పక్కకు పోయేసరికి విమానం గాలిలోకి అడ్డంగా వెళ్తుంది. వెనక్కి వాలిన రెక్క ఉన్న జెట్‌లో దీని ఫలితం ముక్కు తిరగడంతో ఆగదు. గాలికి ఎదురుగా వచ్చిన కుడి రెక్కకు లిఫ్ట్ పెరుగుతుంది, వెనకపడ్డ ఎడమ రెక్కకు తగ్గుతుంది, దాంతో ఎడమకు ఒరిగిపోతుంది. పైలట్ వీల్‌ను (రెక్కలను ఒరిగించే, చేతిలోని స్టీరింగ్) కుడికి పూర్తిగా తిప్పుతాడు. దాంతో కుడి రెక్క మీద స్పాయిలర్లు (లిఫ్ట్ తగ్గించే పలకలు) లేస్తాయి, డ్రాగ్ (గాలి అడ్డు) పెరుగుతుంది, లిఫ్ట్ ఇంకా పోతుంది. అప్పటికి ఎత్తు వందల అడుగుల్లోనే ఉంటుంది. 60 డిగ్రీలు ఒరిగాక రడ్డర్ సరిచేసినా దిగడానికి నేల తప్ప ఏమీ మిగలదు.

తూనీగ
ఇప్పుడు అర్థమైంది. మరి ఏ కాలో తెలియకపోవడం ఏంటి? టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) దాకా వచ్చినవాళ్లు కదా.

నీలిరెక్క
తెలియక కాదు, తొందరలో. రన్‌వే మీద ఉన్నప్పుడు సెంటర్‌లైన్ కనబడుతుంది, ముక్కు ఎటు పోతే దానికి ఎదురు కాలు, అది సులువు. లేచి ముక్కు 12-15 డిగ్రీలు పైకెత్తాక ముందు ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అప్పుడు వీల్‌ను చూసుకోమంటారు. రెక్కలు సమంగా ఉంచడానికి వీల్ ఎటు తిప్పి పట్టుకున్నారో అటు కాలే తొక్కాలి. వీల్ కుడికి వాలి ఉంటే కుడి కాలు. వీల్ మళ్లీ మధ్యకు వచ్చేదాకా తొక్కాలి, అక్కడ ఆపాలి.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇంజన్ గేజ్ చూసి కాలు ఎంచుకోబోయి. "ఎడమ ఇంజన్ పోయింది" అని మెదడులో పడగానే "ఎడమ" అన్న మాటే కాలికి చేరుతుంది. అందుకే ముందు విమానాన్ని నిటారుగా పట్టుకో, ఇంజన్ పేరు తర్వాత చెప్పుకో అంటారు.

సిమ్‌ఇంజనీర్
నీలిరెక్క చెప్పింది అక్షరాలా నిజం. సిమ్యులేటర్‌లో వీ1 కట్ (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం దగ్గర ఒక ఇంజన్ తీసేసే ఎక్సర్‌సైజ్) రికార్డింగులు చూస్తే తప్పు పెడల్ ఒక అర సెకను పడి వెంటనే సరిదిద్దుకోవడం అరుదేమీ కాదు. సిమ్‌లో దాన్ని ఫ్రీజ్ చేసి చూపిస్తారు, మళ్లీ మొదలుపెడతారు. అదే తప్పు అసలు విమానంలో పడితే ఫ్రీజ్ బటన్ లేదు.

గాలివాటం
అయినా తప్పంతా ట్రైనీదే అంటే ఒప్పుకోను. తప్పు చేయడానికే కదా ట్రైనీ అక్కడున్నాడు. ఆ తప్పు పడకుండా చూడటమే ఇన్‌స్ట్రక్టర్ పని. ఢిల్లీ రిపోర్టులో "గార్డ్ చేయలేదు" అన్నదే నాకు ముఖ్యమైన ముక్క.

వీ1కట్
అవును, గార్డ్ అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం, బయటివాళ్లకి ఇది తెలియదు.

రెండు సీట్ల పెడల్స్ కలిసే కదులుతాయి. ట్రైనీ ఎడమది తొక్కితే ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా ఎడమది ముందుకు పోతుంది, కుడిది వెనక్కి వస్తుంది. కాబట్టి ఎడమ లివర్ లాగబోయే ముందే ఇన్‌స్ట్రక్టర్ సీటు, పెడల్స్ దూరం సరిచేసుకుని, కుడి పెడల్ వెనక్కి రాకుండా మోకాలు గట్టిగా పెట్టి పాదం ఆనించి ఉంచాలి. తొక్కకూడదు, వెనక్కి రానివ్వకూడదు. అప్పుడు ట్రైనీ సరైన కాలు తొక్కితే అడ్డు ఉండదు, తప్పు కాలు తొక్కితే పెడల్ కదలదు.

తప్పు పెడల్ పూర్తిగా పోయాక అడ్డుకోవాలంటే కుదరదు. భయపడ్డ మనిషి కాలు చాచి బిగించాక, అవతలి మనిషి వంగిన మోకాలితో దాన్ని వెనక్కి తేలేడు. గార్డ్ ముందే ఉండాలి, జరిగాక పెట్టేది గార్డ్ కాదు.

రెక్కలరాయుడు
దీనికి తోడు మాట. "నా కంట్రోల్" అని ఒక్క మాట గట్టిగా అనాలి, అవతలివాడు కాళ్లూ చేతులూ తీసేయాలి. ఇది గ్రౌండ్ మీద బ్రీఫింగ్‌లోనే తేల్చుకోవాలి. "రడ్డర్, రడ్డర్" అని అరిస్తే ట్రైనీ ఉన్న కాలినే ఇంకా బలంగా తొక్కుతాడు. "కుడి కాలు" అనాలి.

గగనయాత్రి
ఒక సందేహం. ఎత్తు లేనప్పుడు తగ్గించిన ఇంజన్‌ను పెంచడం కన్నా, బతికున్న ఇంజన్‌ను కూడా తగ్గించేస్తే రెండు వైపులా సమానమవుతుంది కదా? పెంచడానికి 5 సెకన్లు, తగ్గించడానికి అంత పట్టదు.

రెక్కలరాయుడు
సరైన ఆలోచనే, చాలామంది నిపుణులు చెప్పేది కూడా అదే. ఒరుగుడు అదుపు తప్పుతుంటే బతికున్న ఇంజన్ థ్రస్ట్ తగ్గించడమే వెంటనే పనిచేసే మందు. కానీ టేకాఫ్ అయిన 50 అడుగుల్లో అది చేస్తే క్లైంబ్ పోతుంది. రన్‌వే మిగిలి ఉంటే రెక్కలు సమంగా పెట్టి దించేయొచ్చు, లేకపోతే రన్‌వే అవతల పడతారు. అయినా రెక్కలు సమంగా ఉండి పొట్ట మీద పడితే బతికే అవకాశం ఉంటుంది. తలకిందులుగా పడితే ఉండదు. ఆ లెక్క లివర్ లాగకముందే ఇన్‌స్ట్రక్టర్ తలలో ఉండాలి.

బ్లాక్‌బాక్స్
పాత కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఢిల్లీ ఒంటరి ఘటన కాదని తెలుస్తుంది. జెట్లు వచ్చిన తొలి పన్నెండేళ్లలో ఇదే కథ మళ్లీ మళ్లీ నడిచింది.

1959 ఆగస్టు 15, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని కాల్వర్టన్. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 707, శిక్షణ ఫ్లయిట్. ఇంజన్లు తగ్గించి చేసే అప్రోచ్‌లో ముక్కు పక్కకు తిరగడాన్ని టైమ్‌కి గుర్తించి ఆపలేకపోయారు, ఒరిగిపోయి కోలుకునే ఎత్తు లేక కూలింది. ఐదుగురు పోయారు. 707 ఎయిర్‌లైన్ సర్వీసులోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 1960 ఫిబ్రవరిలో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ), 707లో ఒకే వైపు సగం పవర్ తీసేసి నిజంగా ల్యాండ్ చేయాలన్న నిబంధనను ఎత్తేసింది. పై ఎత్తులో చేసి చూపిస్తే చాలన్నారు.

1967 మార్చి 30, న్యూ ఆర్లియన్స్. అర్ధరాత్రి దాటాక డెల్టా డీసీ-8, రన్‌వే 1కి రెండు ఇంజన్లు పోయినట్టు అప్రోచ్. అదుపు తప్పి ఇళ్ల మీదా, ఒక మోటెల్ మీదా పడింది. విమానంలో ఆరుగురు, నేల మీద 13 మంది. ఆ మోటెల్‌లో బస చేసిన విస్కాన్సిన్‌లోని జూడా హైస్కూల్ అమ్మాయిలు తొమ్మిది మంది ఆ 13లో ఉన్నారు. వాళ్లు చదువు ముగుస్తున్న ఏడాది విహారయాత్రకు వచ్చారు. ఇది చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఆ పిల్లలకి ఆ విమానంతో ఏ సంబంధమూ లేదు.

తూనీగ
ఆగండి. 1960లోనే ఎత్తేశారంటున్నారు, 1967లో మళ్లీ అదే విన్యాసం ఎలా చేశారు?

బ్లాక్‌బాక్స్
1960 నిర్ణయం 707కి సంబంధించింది. అది డీసీ-8. న్యూ ఆర్లియన్స్ విమానంలో ఎఫ్ఏఏ ఇన్‌స్పెక్టర్ కూడా ఉన్నాడు, ఆయనా పోయాడు. ఎన్‌టీఎస్‌బీ (అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) కారణంగా రాసింది: ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణ సరిగా లేకపోవడం, ఇద్దరూ ఫ్లయిట్ కంట్రోల్స్‌ని, పవర్‌ని సరిగా వాడకపోవడం. దానికి 50 రోజుల తర్వాత, మే 19న, ఒట్టావాలో ఎయిర్ కెనడా డీసీ-8 కూడా ఇంజన్లు తగ్గించిన శిక్షణ అప్రోచ్‌లోనే కూలింది, ముగ్గురు పోయారు. ఒక రకం విమానంలో నేర్చుకున్న పాఠాన్ని దాని పక్కింటి విమానానికి వర్తింపజేయలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

గాలివాటం
కాల్వర్టన్ 707లోనే కదా ఇంజన్లు ఊడిపోయింది?

బ్లాక్‌బాక్స్
కాదు, అది వేరే. అదే ఏడాది అక్టోబర్ 19, వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో దగ్గర. బ్రానిఫ్‌కి ఇవ్వబోతున్న 707. బోయింగ్ ఇన్‌స్ట్రక్టర్ డచ్ రోల్ (ముక్కు పక్కలకు ఊగుతూ రెక్కలు అటూ ఇటూ ఒరగడం) చూపిస్తూ ఒరగడానికి పెట్టుకున్న హద్దు దాటించాడు. దాన్ని ఆపబోయేటప్పుడు పడ్డ భారానికి నాలుగు ఇంజన్లలో మూడు ఊడిపోయాయి. నది ఒడ్డున దించే ప్రయత్నం చేశారు. ఎనిమిది మందిలో నలుగురు బతికారు. ఇందులో ఇంజన్ కట్ లేదు, కానీ పాఠం దగ్గరిదే: హద్దు కాగితం మీద ఉంటే చాలదు, దాటగానే ఆపేసే చెయ్యి ఉండాలి.

నీలిరెక్క
రెండు ఇంజన్లు ఒకే వైపు పోయినప్పుడు ఎందుకంత ప్రమాదమో కూడా చెప్పాలి. ప్రతి విమానానికీ మినిమమ్ కంట్రోల్ స్పీడ్ ఉంటుంది. ఒక ఇంజన్ పోయి మిగతావి పూర్తి పవర్‌లో ఉన్నప్పుడు, ఆ వేగం కన్నా తగ్గితే రడ్డర్ మొత్తం తొక్కినా ముక్కు నిలవదు. దాన్ని లెక్కగట్టేటప్పుడు బతికున్న ఇంజన్ వైపు 5 డిగ్రీల దాకా ఒరగడానికి ఒప్పుకుంటారు, పెడల్ బలం 68 కిలోలు దాటకూడదు, దారి 20 డిగ్రీలకు మించి తప్పకూడదు. అంటే బుక్‌లో ఉన్న అంకె, సరైన కాలు సరైన టైమ్‌కి పడి, ఆ 5 డిగ్రీలు పట్టుకున్న పైలట్‌ది. రెక్కలు సమంగా పెట్టుకుంటే అసలు హద్దు ఆ అంకె కన్నా పైకి జరుగుతుంది. చచ్చిన ఇంజన్ వైపు ఒరిగితే ఇంకా పైకి.

ఇక రెండు ఇంజన్లు ఒకే వైపు పోతే ఈ వేగం బాగా ఎక్కువ. ల్యాండింగ్ కోసం వేగం తగ్గించి, గేర్, ఫ్లాప్స్ దించాక మీరు ఆ హద్దు కిందకి వెళ్లిపోతారు. అక్కడ "గో అరౌండ్" (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) అని మిగతా రెండిటికీ పూర్తి పవర్ ఇస్తే ఆ పవరే విమానాన్ని తిప్పి పడేస్తుంది. అందుకే అలాంటి అప్రోచ్‌లో ఒక ఎత్తు పెట్టుకుంటారు, దాని కింద ల్యాండింగ్ తప్ప ఇంకో దారి లేదు. శిక్షణలో ఆ ఎత్తు కింద వేగం పడిపోతుంటే చేయాల్సింది ఒక్కటే, లాగిన ఇంజన్లు వెంటనే తిరిగి ఇవ్వడం. "ఇంకొంచెం చూద్దాం, వాడే సరిచేసుకుంటాడు" అన్న ఓపిక ప్రాణాల మీదకి తెస్తుంది.

రన్‌వేచివర
ఇవన్నీ పైలట్ తప్పులు. సరిగ్గా నేర్పితే ఏమీ కాదు.

బ్లాక్‌బాక్స్
అన్నీ కావు. మూడు కేసులు చెబుతా.

1966 జులై 4, ఆక్లాండ్. ఎయిర్ న్యూజిలాండ్ డీసీ-8. టేకాఫ్‌లో 4వ ఇంజన్ పోయినట్టు చూపడానికి లివర్‌ను వేగంగా వెనక్కి లాగారు. ఆ ఊపుకి దాని మీదున్న రివర్స్ లివర్ (థ్రస్ట్‌ను ఎదురు దిశకు తిప్పేది) కూడా లేచి రివర్స్ ఐడిల్ గాడిలో పడింది. అంటే ఐడిల్ ఇంజన్ అనుకున్నది నిజానికి వెనక్కి లాగే ఇంజన్ అయింది. లేచాక వేగం లేక రెక్క నేలకి తగిలింది. ఐదుగురిలో ఇద్దరు పోయారు.

1969 జులై 26, న్యూజెర్సీలోని పొమోనా. టీడబ్ల్యూఏ 707. 4వ ఇంజన్ ఐడిల్‌లో పెట్టి మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకి వెళ్లడం) చేస్తుండగా నిజంగానే హైడ్రాలిక్ లీక్ అయింది. చెక్‌లిస్ట్ ప్రకారం పంపులు ఆపేశారు. ఆ పంపులే రడ్డర్‌కి బలం ఇచ్చేవి. 4వ ఇంజన్‌కి మాత్రం పవర్ తిరిగి ఇవ్వలేదు. ఐదుగురు పోయారు.

1971 మార్చి 31, కాలిఫోర్నియాలోని ఒంటారియో. వెస్టర్న్ ఎయిర్‌లైన్స్ 720బీ. ఇంజన్ పోయినట్టు మిస్డ్ అప్రోచ్ చేస్తుంటే రడ్డర్ హైడ్రాలిక్ యాక్చుయేటర్‌ని పట్టి ఉంచే ఫిటింగ్ విరిగింది. ఎడమ రడ్డర్ పోయిన సంగతి పైలట్లకి తెలియలేదు. ఐదుగురు పోయారు.

వీ1కట్
చివరి రెండూ నాకు చాలా ముఖ్యం. నకిలీ వైఫల్యం నడుస్తుండగా అసలు వైఫల్యం వచ్చింది. అందుకే నియమం: ఏ నిజమైన హెచ్చరిక వెలిగినా ఎక్సర్‌సైజ్ అక్కడితో బంద్. ముందు అన్ని లివర్లూ సమానం, తర్వాత చెక్‌లిస్ట్. పొమోనాలో ఈ వరస తిరగబడింది. చెక్‌లిస్ట్‌కి తెలియదు కదా మీరు ఒక ఇంజన్‌ను కావాలని ఐడిల్‌లో పెట్టుకున్నారని.

రన్‌వేచివర
సరే, ఒప్పుకుంటా. ఒంటారియో కేసు నాకు తెలియదు. ఆ ఫిటింగ్ విరగడం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ ఇంజన్ కట్ లేకపోయుంటే అదే విరిగినా మామూలుగా దిగేవాళ్లు.

గగనయాత్రి
ఇంజన్‌తో సంబంధం లేని శిక్షణ ప్రమాదం ఒకటుంది, అది మర్చిపోకూడదు. 1972 మే 30, ఫోర్ట్ వర్త్‌లోని గ్రేటర్ సౌత్‌వెస్ట్ విమానాశ్రయం. డెల్టా డీసీ-9 శిక్షణలో ఉంది, ముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 టచ్ అండ్ గో చేసింది. దాని రెక్కల కొసల నుంచి వచ్చిన సుడిగాలిలోకి డీసీ-9 దిగింది. రన్‌వేకి దగ్గర్లో ఒరిగి పడిపోయింది, నలుగురూ పోయారు. పెద్ద జెట్ల వెనక చిన్న జెట్లకి దూరం పెంచాలన్న నియమాలు గట్టిపడింది దీని తర్వాతే. సర్క్యూట్ శిక్షణలో ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. డీసీ-9 వెళ్లే దారి ముందు విమానం దారికి కింద ఉంటే మరీనూ, ఎందుకంటే సుళ్లు కిందకి దిగుతాయి.

తెరచాప
ఇంత చదివాక అడగక తప్పదు. అసలు ప్రయాణికుల విమానాన్ని శిక్షణకి ఎందుకు పైకి తీసుకెళ్లాలి? అంతా సిమ్యులేటర్‌లో చేయించి పడేయొచ్చు కదా. పూర్తిగా నిషేధించాలి.

సిమ్‌ఇంజనీర్
ఇంజన్ కట్ వరకు మీ మాటే నా మాట. అమెరికాలో 1980లో అడ్వాన్స్‌డ్ సిమ్యులేషన్ ప్లాన్ వచ్చాక మెల్లమెల్లగా అదే జరిగింది. ఇప్పటి లెవెల్ డీ (అత్యున్నత స్థాయి) సిమ్యులేటర్‌లో ఆరు దిశల కదలిక, పగటి దృశ్యం, ఇంజన్ స్పూల్ టైమ్, రన్‌వే తడి, అన్నీ అసలు విమానంలో కొలిచిన డేటాతో సరిపోల్చి ఆమోదిస్తారు. జెట్‌లో వీ1 కట్, సింగిల్ ఇంజన్ గో అరౌండ్ నేర్పడానికి అసలు విమానం అక్కర్లేదు.

కానీ "అంతా" అంటే ఒప్పుకోను. సిమ్‌కి రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి, పక్కకి నెట్టే బలాన్ని అది ఎక్కువసేపు ఇవ్వలేదు. మొదటి కుదుపు ఇచ్చి, తర్వాత క్యాబిన్‌ను వంచి భూమి ఆకర్షణతో మోసం చేస్తుంది. రెండు, విమానం బాగా అడ్డంగా పోయాక, స్టాల్ దాటాక ఉండే ప్రవర్తనకి టెస్ట్ ఫ్లయిట్ డేటా ఉండకపోవచ్చు. అక్కడ అది చూపేది అంచనా. అంటే తప్పు పెడల్ తొక్కాక 70 డిగ్రీల ఒరుగుడులో సిమ్ తిరిగి లేచిందంటే అసలు విమానం కూడా లేస్తుందని అర్థం కాదు. సిమ్‌లో "నేను బయటపడ్డాను" అన్న ధీమా తీసుకెళ్లొద్దు.

నీలిరెక్క
పైగా కొత్తగా వచ్చే పైలట్ మొదటిసారి 60-70 టన్నుల విమానాన్ని నేలకి దించడం వెనక ప్రయాణికులతో జరగాలా? అందుకే బేస్ ట్రైనింగ్ (ప్రయాణికులు లేకుండా అసలు విమానంలో ల్యాండింగుల శిక్షణ) ఇంకా ఉంది. యూరప్ నియమాల్లో సాధారణంగా ఆరు ల్యాండింగులు, అనుభవం ఉన్నవాళ్లకి తగ్గిస్తారు, ఇంకా ఎక్కువ అనుభవం ఉంటే అసలు విమానం లేకుండా సిమ్‌లోనే పూర్తిచేయనిస్తారు. ఆ ఆరూ రెండు ఇంజన్లతో, మామూలు సర్క్యూట్లే. అందులో ఇంజన్ కట్ కలపకపోతే ప్రమాదం చాలా తగ్గిపోతుంది.

తెరచాప
తగ్గిపోతుంది, పోదు. 2018లో టాలిన్‌లో ఏ320 శిక్షణలోనే కదా నేలకి గుద్దుకుంది?

సిమ్‌ఇంజనీర్
అవును, ఫిబ్రవరి 28న. స్మార్ట్‌లింక్స్ ఏ320, టచ్ అండ్ గోలు. తోక స్టెబిలైజర్ ఓవర్‌రైడ్ మెకానిజంలో తప్పు చిక్కదనం ఉన్న ఆయిల్ ఉంది. దానివల్ల ఎలివేటర్ కంప్యూటర్లకి పదేపదే పిచ్ ఫాల్ట్ వచ్చింది, ప్రతిసారీ రీసెట్ చేసుకుంటూ ఎగిరారు. చివరికి రెండు కంప్యూటర్లూ పిచ్ కంట్రోల్ వదిలేశాయి. లేచిన విమానం మళ్లీ రన్‌వేకి గుద్దుకుని, మళ్లీ లేచింది. చివరికి దించగలిగారు, అందరూ బతికారు, విమానం మాత్రం పనికిరాకుండా పోయింది. మామూలు లైన్ ఫ్లయిట్‌లో ఒకసారి ఫాల్ట్ వస్తే మెకానిక్ చూస్తాడు. సర్క్యూట్లలో ఒక్కో ల్యాండింగ్‌కి కొన్ని నిమిషాలే, ఫాల్ట్‌కి ఆలోచించే విరామం ఉండదు. వీ1కట్ గారి "బంద్" నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది. రీసెట్ చేసి ఇంకో రౌండ్ అనకూడదు.

రెక్కలరాయుడు
టచ్ అండ్ గోలో ఇంకో సంగతి. దిగాక విమానాన్ని తిరిగి టేకాఫ్ స్థితికి తెచ్చే పనంతా ఇన్‌స్ట్రక్టర్‌దే. 737లో అయితే ఫ్లాప్స్ 15కి తేవాలి, స్టెబ్ ట్రిమ్ (తోక స్టెబిలైజర్ కోణం) సెట్ చేయాలి, స్పీడ్‌బ్రేక్ కిందే ఉందని చూడాలి. ట్రైనీ లివర్లు సగం నిలబెట్టి, ఇంజన్లు రెండూ సమంగా స్థిరపడ్డాక పూర్తి పవర్ ఇవ్వాలి. ఆటోబ్రేక్ ముందే ఆఫ్. రివర్స్ ఒకసారి తీశారా, ఇక గో లేదు, ఆగాల్సిందే. ఇవన్నీ కొన్ని సెకన్లలో కళ్లు లోపలా బయటా తిప్పుతూ చేస్తున్న మనిషి, ఆ వెంటనే లివర్ లాగి, అదే సమయంలో పెడల్ గార్డ్ కూడా పెట్టాలంటే? ఢిల్లీలో ఆరో రౌండ్ అది. ఈ రెండు పనులూ కలపడమే తప్పని నా ఉద్దేశం. ఇంజన్ కట్ చేయాల్సొస్తే ఆగి, మళ్లీ లైనప్ అయి, పూర్తి టేకాఫ్‌లో చేయాలి.

గాలివాటం
ఇది నాకు తోచని కోణం. గార్డ్ మర్చిపోయాడు అనేముందు, గుర్తుంచుకునే తీరిక ఆ విన్యాసం ఇచ్చిందా అని అడగాలి.

తెరచాప
టర్బోప్రాప్‌ల సంగతి? వాటికి అన్నిచోట్లా సిమ్ దొరకదు కదా.

వీ1కట్
అక్కడే ఇంకా మనుషులు పోతున్నారు. టర్బోప్రాప్‌లో ఇంజన్ నిజంగా పోతే ప్రొపెల్లర్ ఫెదర్ అవుతుంది, బ్లేడ్లు గాలికి అంచు పెట్టి నిలబడతాయి, డ్రాగ్ తక్కువ. శిక్షణలో దాన్ని అనుకరించాలంటే లివర్‌ను "జీరో థ్రస్ట్" టార్క్ దగ్గర ఆపాలి, ఆ అంకె మాన్యువల్లో ఉంటుంది. సులువని ఫ్లయిట్ ఐడిల్‌కి లాగేస్తే ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ బ్రేక్‌లా పనిచేస్తుంది. అంటే మీరు చూపిస్తున్నది ఇంజన్ ఫెయిల్యూర్ ఒక్కటే కాదు, ఆటోఫెదర్ (ప్రొపెల్లర్‌ను దానంతట అదే ఫెదర్ చేసే ఏర్పాటు) కూడా ఫెయిలైనట్టు. మినిమమ్ కంట్రోల్ స్పీడ్ అంకెలు ఇక పనికిరావు.

1995 సెప్టెంబర్ 16, ఆస్ట్రేలియాలోని టామ్‌వర్త్, రాత్రిపూట మెట్రో 3, వీ1 కట్, ఇద్దరు పోయారు. 2010 మార్చి 22, డార్విన్, ఎయిర్‌నార్త్ ఎంబ్రాయర్ 120, లేచిన వెంటనే ఎడమ ఇంజన్ కట్, ఇద్దరూ పోయారు. రెండిట్లోనూ లివర్ ఫ్లయిట్ ఐడిల్‌కి పోయింది. మొదటి దానికీ రెండో దానికీ మధ్య పదిహేనేళ్లు, ఒకే దేశం.

బ్లాక్‌బాక్స్
డార్విన్ తర్వాత ఆస్ట్రేలియాలో పెద్ద విమానాలకి ఇలాంటి విన్యాసాలు సిమ్యులేటర్‌లోనే చేయాలన్న నియమం వైపు వెళ్లారు. 707-డీసీ-8ల్లో జరిగిందే ఇక్కడా జరిగింది. ఒక తరగతి విమానాలకి పాఠం వచ్చింది, పక్క తరగతికి రావడానికి మళ్లీ శవాలు లేవాలి. ఈ ఆలస్యానికి ఎవరూ జవాబుదారీ కారు.

తూనీగ
చాలా థాంక్స్, నా ప్రశ్నకి మించి దొరికింది. చివరిగా ఒకటి. ఢిల్లీలో ఐఎల్-86 దగ్గర ఉన్నవాళ్లు, న్యూ ఆర్లియన్స్‌లో ఆ పిల్లలు, వీళ్లెవరూ శిక్షణలో లేరు. రద్దీ విమానాశ్రయంలో సర్క్యూట్లు ఎందుకు చేయనిస్తారు?

రెక్కలరాయుడు
ఖర్చు, దగ్గర. విమానం ఎక్కడ బేస్ అయితే అక్కడే చేయడం సులువు. నా లెక్కలో బేస్ ట్రైనింగ్‌కి రన్‌వే ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: పొడవు బాగా ఉండాలి, రెండు చివర్లా ఇళ్లు ఉండకూడదు, రన్‌వేకి రెండు పక్కలా పార్కింగ్ దూరంగా ఉండాలి. అదుపు తప్పిన విమానం సెంటర్‌లైన్ మీద పడదు, పక్కకే పడుతుంది. ముందు పెద్ద జెట్ల ట్రాఫిక్ ఉండకూడదు, గగనయాత్రి చెప్పిన సుళ్ల కోసం. అడ్డగాలి తక్కువ ఉన్న టైమ్ ఎంచుకోవాలి. రాత్రి అయితే బయట ఆనవాళ్లు కనబడే చోటు కావాలి.

నీలిరెక్క
దానికి ఒకటి కలపండి: విమానంలో అవసరమైనవాళ్లే ఉండాలి. నలుగురు ట్రైనీలని ఎక్కించుకుని ఒకరి తర్వాత ఒకరికి సీటు మార్చడం డబ్బు మిగులుస్తుంది, కానీ ఢిల్లీలో కంట్రోల్స్ దగ్గర ఇద్దరే ఉంటే పోయింది నలుగురు. ఇంజన్ కట్ లేని మామూలు సర్క్యూట్లకి పర్లేదు. ఏదైనా వైఫల్యం చూపించే సార్టీకి (శిక్షణ ఫ్లయిట్‌కి) వెనక సీట్లు ఖాళీగా ఉండాలి.

సిమ్‌ఇంజనీర్
వైఫల్యం చూపించే సార్టీ అసలు ఉండకూడదు, దానికి మా డబ్బా ఉంది. మిగతా అన్నిటికీ సరే.